పెద్దలను కూర్చోబెట్టకండి, నిలకడ నేర్పించండి

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన పెద్దల మంచం పక్కన ఉండే కొడుకులు, కోడళ్ళు తరచుగా ఒక మాట అంటుంటారు: "ఇంటికి వెళ్ళాక అమ్మను కుర్చీలోంచి లేవనివ్వం సిస్టర్." ఆ మాటలో ప్రేమ ఉంది. కాని కదలకుండా కూర్చున్నకొద్దీ కాళ్ళ కండరాలు బలహీనమవుతాయి, భయం పెరుగుతుంది, మళ్ళీ పడిపోయే ప్రమాదం ఎక్కువవుతుంది. నిలకడను తిరిగి నేర్పే వ్యాయామాలలో చైనా దేశపు తాయ్ చీ, చీగాంగ్ ముఖ్యమైనవి.

ఇవి ఏమిటి?

తాయ్ చీ మొదట యుద్ధవిద్య. 1956లో చైనా క్రీడాశాఖ సామాన్య ప్రజలు సులభంగా నేర్చుకునేందుకు దానిని 24 భంగిమలకు కుదించింది. అక్కడి పార్కులలో ఉదయం పూట పెద్దలు గుంపులుగా కలిసి దీనిని చేస్తుంటారు. వారికి అదే వ్యాయామం, అదే కాలక్షేపం. 2020లో యునెస్కో దీనిని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

చీగాంగ్ ఇంకా తేలిక. ఊపిరికి తగినట్లు చేతులను, నడుమును మెల్లగా కదిలించడమే. కూర్చుని కూడా చేయవచ్చు. 'చీ' అంటే ప్రాణశక్తి అని చైనీయుల ప్రాచీన భావన. ఆ భావనతో నిమిత్తం లేకుండానే వీటి మేలును వివరించవచ్చు.

ఎలా మేలు చేస్తాయి?

నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ క్షణకాలం ఒంటికాలిమీదే ఉంటాము. బరువు ఒక కాలినుండి మరొక కాలికి మారే ఆ క్షణంలోనే పెద్దలు తరచుగా తూలుతారు. తాయ్ చీలో ఆ క్షణాన్నే నిదానంగా, మళ్ళీ మళ్ళీ అభ్యాసం చేస్తారు. దీనివల్ల తొడ, పిక్క కండరాలు బలపడతాయి. పాదం నేలను గుర్తించే శక్తి మెరుగవుతుంది. తూలినప్పుడు సర్దుకోవడం అలవాటవుతుంది.

2018లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో 70 ఏళ్ళు పైబడిన 670 మంది పాల్గొన్నారు. వారంతా అంతకుముందు ఏడాదిలో పడినవారు, లేదా నడక సరిగా లేనివారు. వారానికి 2 సార్లు, గంట చొప్పున, 24 వారాలు తాయ్ చీ పద్ధతిలో శిక్షణ పొందినవారిలో, కేవలం ఒళ్ళు సాగదీసే వ్యాయామం చేసినవారికంటే పడిపోవడం 58 శాతం తక్కువగా కనిపించింది.

ఆటలాడేవారికి కూడా

షటిల్ ఆడే అబ్బాయి ముందుకు వంగి షాట్ కొట్టినప్పుడు శరీరం బరువంతా ఒక మోకాలిమీద పడుతుంది. మడమ బెణికినవారికి నొప్పి తగ్గినా నిలకడ వెంటనే తిరిగి రాదు. అందుకే మళ్ళీ బెణుకుతుంది. నిలకడ వ్యాయామాలు ఆ ప్రమాదాన్ని తగ్గిస్తాయి. అయితే పరుగు వేగం తాయ్ చీతో రాదు. ఆట సాధనకు ఇది తోడు మాత్రమే.

ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

డాక్టరు, ఫిజియోథెరపిస్టు అనుమతి ఇచ్చిన తరువాతే మొదలుపెట్టండి.

1. కదలని బరువైన కుర్చీ వెనుక భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడమనండి. మీరు పక్కనే ఉండండి.
2. పాదాలు కాస్త ఎడంగా ఉంచి, బరువును మెల్లగా కుడికాలిమీదికి, తరువాత ఎడమకాలిమీదికి మార్చాలి. పాదాలు ఎత్తనవసరం లేదు.
3. ఊపిరి బిగపట్టకూడదు. మాట్లాడగలిగేంత తేలికగా చేయాలి.
4. మొదట 5 నిమిషాలు చాలు. అలవాటైనకొద్దీ పెంచవచ్చు.

జాగ్రత్తలు

తుంటి కీలు మార్చినవారికి కొన్ని భంగిమలు పనికిరావు. లేవగానే కళ్ళు తిరిగితే ఆ విషయం డాక్టరుకు చెప్పండి. ఛాతీనొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి రండి. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవారు జారని చెప్పులు వేసుకోవాలి. బి.పి., షుగరు మాత్రలు మానకూడదు. బాత్‌రూమ్ నేల తడి లేకుండా, రాత్రి దారిలో లైటు వెలిగేలా చూడండి.

అమ్మను కుర్చీలో కూర్చోబెట్టడం ఒక్క నిమిషం పని. ఆమె పక్కన రోజూ 5 నిమిషాలు నిలబడడానికి ఓపిక కావాలి. ఆమె తిరిగి తన కాళ్ళమీద వాకిలి వరకు నడవాలంటే మీ నుండి కావలసినది ఆ ఓపికే.