పెరిగిన దూరం, తగ్గిన కాలం

రెండు విమానాశ్రయాల నడుమ దూరాన్ని విమాన వేగంతో భాగిస్తే ప్రయాణకాలం తేలిపోతుందని మనలో చాలామంది నమ్మకం. రైలు విషయంలో ఇది ఇంచుమించు చెల్లుతుంది. పట్టాలు కదలవు కనుక. విమానానికి ఆధారమైన గాలి మాత్రం తానే కదులుతూ ఉంటుంది. పిల్లలు కాలిఫోర్నియాలో స్థిరపడిన సహోద్యోగులు మనలో ఉన్నందున ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో మార్గాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాము.

గ్లోబు మీద దారం బిగించి ఈ రెండు నగరాలను కలిపితే, దాని నిడివి సుమారు 12,400 కిలోమీటర్ల దూరానికి సమానం. ఆ దారం టిబెట్, సైబీరియాలను దాటి ఆర్కిటిక్ మీదుగా పోతుంది. విమానం ఆ దారిని పోజాలదు. క్యాబిన్‌లో వాయుపీడనం తగ్గిపోతే వెంటనే 10,000 అడుగులకు దిగవలసి ఉంటుంది. టిబెట్‌లో నేలే అంతకంటే ఎత్తు.

2015 డిసెంబరులో ఎయిరిండియా, అప్పట్లో మనవలెనే ప్రభుత్వరంగ సంస్థ, ఈ సర్వీసును ప్రారంభించినప్పుడు విమానం పడమరగా అట్లాంటిక్ మీదుగా వెళ్ళేది. 2016 అక్టోబరు 16న బోయింగ్ 777ను తూర్పుగా పసిఫిక్ మీదుగా నడిపారు. దూరం సుమారు 15,300 కి.మీ.; పాత దారికంటే 1,400 కి.మీ. అధికం. పట్టిన కాలమో, సుమారు పద్నాలుగున్నర గంటలు. పాత దారికంటే దాదాపు రెండు గంటలు తక్కువ!

లెక్క వేసి చూద్దాము. 15,300ను 14.5తో భాగిస్తే గంటకు 1,055 కి.మీ. వస్తుంది. ఆ ఎత్తులో ఈ విమానం స్వశక్తితో సాగించే వేగం గంటకు సుమారు 900 కి.మీ. మాత్రమే. తక్కిన 150 పైచిలుకు గాలి చలవ. భూమధ్యరేఖకూ ధ్రువాలకూ గల ఉష్ణోగ్రతా భేదం వల్ల, భూభ్రమణం వల్ల, మధ్య అక్షాంశాలలో సుమారు 10 కి.మీ. ఎత్తున పడమటి నుండి తూర్పునకు ఒక మహావాయుప్రవాహం సాగుతూ ఉంటుంది. దీనినే జెట్ స్ట్రీమ్ అంటారు. ఏటివాలున పోయే పడవకూ ఎదురెక్కే పడవకూ గల తేడాయే ఇక్కడా.

తిరుగు ప్రయాణం అట్లాంటిక్ మీదుగా జరిగేది, అదీ తూర్పుదిక్కే. పోవడమూ తూర్పునకే, రావడమూ తూర్పునకే కావడంతో ప్రయాణికులకు భూప్రదక్షిణం పూర్తయ్యేది. పైగా ఆ తొలి విమానం 16వ తేదీ వేకువన బయలుదేరి, దారిలో దినరేఖ దాటి 15వ తేదీలోకి పోయి, మళ్ళీ 16వ తేదీ ఉదయమే దిగింది. ముహూర్తం చూసుకొని ప్రయాణం కట్టే పెద్దలు ఏ తిథిని లెక్కించాలో మాకు తోచలేదు.

దారిని నిర్ణయించేది గాలి ఒక్కటే కాదు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసివేయగా, ఢిల్లీ నుండి పడమరగా పోయేవి అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరిగాయి. ఉత్తర అమెరికాకు వెళ్ళే కొన్ని విమానాలు వియన్నా వంటి చోట్ల ఇంధనం కోసం ఆగవలసి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ప్రయాణించే తల్లిదండ్రులకు ఆ అదనపు గంటలు చిన్న విషయం కావు.

కనుక టికెట్టు కొనేటప్పుడు కిలోమీటర్లు కాక, టైంటేబులులోని గంటలను చూడాలి. విమానం గేటు విడిచిన క్షణం నుండి అవతలి గేటు వద్ద ఆగేవరకు పట్టే కాలమది; ఆయా ఋతువులలో గాలి తీరును కూడా లెక్కలోకి తీసుకొని నిర్ణయిస్తారు. చలికాలంలో జెట్ స్ట్రీమ్ ఉద్ధృతమవుతుంది. అందువల్ల పోయే గంటలకూ వచ్చే గంటలకూ వ్యత్యాసం ఆ నెలలలోనే ఎక్కువగా కనబడుతుంది.