స్టెరాయిడ్ నిరోధక ఉబ్బసం
స్టెరాయిడ్ మందులను తగిన మోతాదులో వాడినప్పటికీ శ్వాసనాళాల వాపు తగ్గని ఉబ్బసాన్ని స్టెరాయిడ్ నిరోధక ఉబ్బసం అంటారు. 1968లో అమెరికాలో ఆరుగురు రోగులలో దీనిని వర్ణించారు. ఇది అరుదైనది.

మందు పనిచేయు విధానం
స్టెరాయిడ్ కణంలోకి ప్రవేశించి, అక్కడి గ్రాహకంతో కలిసి కేంద్రకాన్ని చేరుతుంది. అక్కడ హెచ్.డి.ఎ.సి.-2 అనే ఎంజైము సాయంతో వాపు కలిగించే జన్యువులను అణచివేస్తుంది.

నిరోధానికి కారణాలు
* రక్షణ వ్యవస్థకు చెందిన టి-కణాలు ఇంటర్‌ల్యూకిన్-2, ఇంటర్‌ల్యూకిన్-4 అనే సంకేత ప్రోటీన్లను అధికంగా స్రవిస్తే, పి38 అనే ఎంజైము ఉత్తేజితమై గ్రాహకానికి ఫాస్ఫేటును చేరుస్తుంది. అందువలన గ్రాహకం కేంద్రకంలోకి సరిగా చేరలేదు.
* పొగాకు పొగ వలన హెచ్.డి.ఎ.సి.-2 తగ్గుతుంది. అప్పుడు మందు కేంద్రకాన్ని చేరినా జన్యువులు అణగవు.
* ఇంటర్‌ల్యూకిన్-17 ప్రభావంతో న్యూట్రోఫిల్ కణాలు శ్వాసనాళాలలో చేరతాయి. ఇసినోఫిల్ కణాలను నశింపజేసే స్టెరాయిడ్లు, న్యూట్రోఫిల్ కణాల ఆయుష్షును మాత్రం పెంచుతాయి.

నిర్ధారణ
మందు పనిచేయకపోవడానికి ఇన్‌హేలరును సరిగా పీల్చకపోవడం, మందును క్రమంగా వాడకపోవడం తరచుగా కారణమవుతాయి. నిరోధమని నిర్ణయించేముందు వీటిని పరిశీలించాలి.

చికిత్స
పొగ మానడం ముఖ్యం. ఇసినోఫిల్ కణాలు అధికంగా ఉన్న తీవ్ర ఉబ్బసానికి, ఇంటర్‌ల్యూకిన్-5ను అడ్డుకొనే మెపోలిజుమాబ్ మందును 2015లో అమెరికాలో ఆమోదించారు.

హైదరాబాదులో
నారాయణగూడ, చిక్కడపల్లి ప్రాంతాలకు సమీపాన గల నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో, మృగశిర కార్తె సందర్భంగా బత్తిని కుటుంబీకులు పంచే చేప ప్రసాదం కొరకు వేలాది ఉబ్బసం రోగులు వస్తుంటారు. దానివలన ఉబ్బసం నయమవుతుందని శాస్త్రీయంగా నిరూపణ కాలేదు. ప్రసాదం తీసుకున్నవారైనా, మందు పనిచేయలేదని భావించినవారైనా, వైద్యుని సలహా లేకుండా స్టెరాయిడ్లను హఠాత్తుగా మానివేస్తే ప్రాణాపాయం కలగవచ్చు.