చంటిపాపకి ఇన్‌హేలరా?

పెద్దవాళ్లకయితే పొడిమందు పరికరం చేతికిచ్చి "గట్టిగా పీల్చండి" అంటే పీలుస్తారు. ఎనిమిది నెలల పాపకి ఎలా చెప్తాం?

మా పాపకి జలుబు చేసిందంటే చాలు, గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యేవి. రాత్రిళ్లు డొక్కలెగరేస్తుంటే నాకు కంటిమీద కునుకుండేది కాదు. డాక్టరుగారు స్ప్రే ఇన్‌హేలరు, దాంతోపాటు మాస్కు ఉన్న స్పేసరు రాశారు. మావారికి ఉబ్బసం కాబట్టి ఇంట్లో పొడి పీల్చే పరికరం ఉంది. "అదే పాపకీ పెట్టకూడదా, మళ్లీ కొత్తదెందుకు?" అన్నారు అత్తయ్య. అడగాల్సిన ప్రశ్నే! వాళ్లనీ వీళ్లనీ అడిగి, పుస్తకాలు తిరగేశాక జవాబు దొరికింది.

మందు ఊపిరితిత్తుల్లోకి దిగాలంటే రేణువులు 1 నుంచి 5 మైక్రాన్లలోపు ఉండాలి. మన తలవెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు. అంత సన్నటి పొడి వానాకాలం ఉప్పులా ఉండలు కడుతుంది. అందుకే దాన్ని లాక్టోజ్ అనే పాలచక్కెర పలుకులకి అంటిస్తారు. ఆ పలుకుల నుంచి మందుని విడదీసేది మన ఊపిరే. పరికరాన్ని బట్టి నిమిషానికి 30 నుంచి 60 లీటర్ల జోరుతో పీల్చాలి. పెద్దవాళ్లు మామూలుగా ఒకసారి పీల్చే గాలి అరలీటరు. మూడు కిలోల పసిగుడ్డు పీల్చేది 15, 20 మిల్లీలీటర్లు, అంటే మూడు నాలుగు చెంచాలు! అందుకే సాధారణంగా ఐదారేళ్ల లోపు పిల్లలకి పొడి ఇన్‌హేలరు ఇవ్వరు.

స్ప్రేకయితే ఆ జోరు అక్కర్లేదు. మందు స్పేసరు గొట్టంలో నిలుస్తుంది, బిడ్డ తన తీరున ఊపిరి తీసుకుంటుంది. అసలీ స్ప్రే వెనకా ఓ ఆడపిల్లే ఉంది. హెయిర్‌స్ప్రేలా నా మందు కూడా డబ్బాలో రాకూడదా అని 1955లో పదమూడేళ్ల అమ్మాయి తండ్రిని అడిగింది. ఆయన అమెరికాలోని రైకర్ లేబొరేటరీస్ అధిపతి జార్జ్ మైసన్. మరుసటేడే స్ప్రే ఇన్‌హేలరు బజారులోకి వచ్చింది.

"అలవాటు పడిపోతుందేమోనమ్మా" అని పక్కింటి పిన్నిగారి బెంగ. అలవాటేం కాదు. పైగా సాల్బుటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లలో 2 మిల్లీగ్రాముల మందుంటే, ఒక్క స్ప్రేలో ఉండేది 100 మైక్రోగ్రాములే. ఇరవయ్యో వంతు!

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల సంగతి మరీ కష్టం. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే జిగురు వాళ్లలో చాలదని 1959లో డాక్టర్ మేరీ ఎలెన్ ఏవరీ కనిపెట్టారు. 1980లో జపాన్ వైద్యుడు ఫుజివారా దాన్ని బయటినుంచి ఇచ్చి బిడ్డల్ని బతికించారు. కానీ ద్రవాన్ని శ్వాసనాళంలోకి సన్నటి గొట్టంతో పంపాలి. అదీ లేకుండా పొడిగా ఇవ్వగలమా అని అమెరికాలోని వర్జీనియా కామన్వెల్త్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ప్రయత్నిస్తున్నారు. బిడ్డ పీల్చనక్కర్లేదు, పరికరమే చిటికెడు పొడిని కొద్దిపాటి గాలితో ముక్కుద్వారా నెడుతుంది. రేణువులు వెళ్లేటప్పుడు సన్నగా ఉండి, లోపలి తేమకి ఉబ్బి అక్కడే నిలిచిపోతాయి. ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది, మన ఆసుపత్రులకి రాలేదు.

స్పేసరు ఖరీదెక్కువ అనుకునేవారికి ఓ మాట. అర లీటరు ప్లాస్టిక్ సీసాతో సరిగా తయారుచేసిన స్పేసరూ కొన్నదానిలాగే పనిచేస్తుందని కేప్‌టౌన్ వైద్యులు 1999లోనే చూపించారు. అయితే చంటిపిల్లలకి మాస్కు తప్పదు, డాక్టరుకి చూపించాకే వాడాలి.

వాడేటప్పుడు మాస్కు ముక్కునీ నోటినీ సందు లేకుండా మూయాలి. స్ప్రేని బాగా ఊపి, ఒకసారికి ఒక్కటే కొట్టి, ఐదారు ఊపిర్లు తీసుకోనివ్వాలి. ఏడిస్తే మందు బాగా దిగుతుందనుకోవద్దు, అది గొంతులోకీ పొట్టలోకీ పోతుంది. ఊరుకోబెట్టి, ఒళ్లో కూర్చోబెట్టుకుని పెట్టండి. స్పేసరుని సబ్బునీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా ఆరబెట్టండి. తుడిస్తే ప్లాస్టిక్ మీద విద్యుదావేశం పుట్టి మందుని గోడలకే లాగేస్తుంది. పాలు తాగలేకపోయినా, పెదాలు నీలంగా మారినా ఇంట్లో స్ప్రేలు కొడుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి.