మీ పాటకు ఒక కళ్ళం కావాలి



మన పల్లెల్లో పాటలు కట్టేవారికి ఏనాడూ కొదువ లేదు. పత్తి తీసే చేలోనో, మిరప కోతల్లోనో, కుటుంబ ప్రార్థనలోనో ఎవరో ఒకరు కొత్త పల్లవి అందుకొంటూనే ఉంటారు. అయితే ఈ రోజుల్లో ఆ పల్లవి పుట్టిన గంటలోనే సెల్‌ఫోనులో స్టేటస్ అయిపోతున్నది. ఇక ఎందరు చూశారు, ఎందరు మెచ్చుకొన్నారు అని రాత్రంతా లెక్క! మెచ్చినవారు తక్కువైతే, "నాకు ఈ తలాంతు లేదేమో" అని యౌవనస్థులు కలం పక్కన పెడుతున్నారు. ఎక్కువైతే, జనానికి నచ్చినదే మళ్ళీ మళ్ళీ రాస్తున్నారు. రెండు విధాలా తలాంతు మట్టిలో పాతిపెట్టినట్టే. ఇంతా చేస్తే ఆ వాట్సాప్ స్టేటస్ 24 గంటల్లో తనంతట తానే మాయమవుతుంది.

మిరప రైతును చూడండి. కోసిన కాయను ఆ సాయంత్రమే గుంటూరు యార్డుకు తోలడు. కళ్ళంలో ఆరబోస్తాడు, తిరగేస్తాడు, మంచు పడకుండా పట్టా కప్పుతాడు, తాలుకాయ ఏరిస్తాడు. ఆ తరువాతే టిక్కీలకు ఎత్తిస్తాడు. మన తలంపులకూ అలాంటి కళ్ళం కావాలి. అది ఒక నోటుపుస్తకం కావచ్చు. చదువుకొన్న పిల్లలైతే ఇంటర్నెట్టులో తమ పేరున నడుపుకొనే సొంత బ్లాగు కావచ్చు. అక్కడ తొందర లేదు, పోటీ లేదు. నెల తరువాత తిరిగి చదివి దిద్దుకోవచ్చు.

1895లో మన వినుకొండలో పుట్టిన గుఱ్ఱం జాషువ గారు కులము పేరిట ఎన్నో అవమానాలు పడ్డారు. అయినా కలం దించలేదు. 1941లో వచ్చిన "గబ్బిలం" కావ్యంలో, గుడిలోనికి అడుగుపెట్టనివ్వని మనిషి తన గోడును ఒక గబ్బిలానికి చెప్పి కాశీలోని శివుని సన్నిధికి పంపుతాడు. ఆయన రాసిన "క్రీస్తు చరిత్ర"కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. నలుగురి మెప్పునే కొలతగా పెట్టుకొని ఉంటే ఆ పద్యాలు మనకు దక్కేవా?

యిర్మీయా గ్రంథము 36వ అధ్యాయము చదవండి. ప్రవక్త చెప్పగా బారూకు రాసిన గ్రంథపు చుట్టను యెహోయాకీము రాజు చాకుతో కోసి, కుంపటిలో వేసి కాల్చాడు. అంతకన్నా పెద్ద తిరస్కారం ఏముంటుంది? అయినా దేవుడు మరల రాయమన్నాడు. యిర్మీయా మరొక చుట్ట తీసుకొని బారూకుకు ఇచ్చాడు. ఆ రెండవ చుట్టలో మునుపు లేని మాటలు కూడా అనేకం చేరాయి.

ఫోను పాపమని నేను అనడం లేదు. సంఘక్షేమానికి పనికివచ్చే పాటను తప్పక పంచుకోవలసిందే. కాని ముందు పుస్తకంలో రాయండి. ఇంట్లో పెద్దలకు పాడి వినిపించండి. దిద్దుకొన్న తరువాత పంపండి.

ఈ వారమే ఒక నోటుపుస్తకం కొని, మొదటి పుటలో తేదీ వేయండి. ఏమి రాయాలో తోచకపోతే మీ నాయనమ్మ దగ్గర కూర్చోండి. ఆమె ఎలా రక్షణ పొందిందో, ఏ కరవులో ఏ పాట పాడుకొన్నదో అడిగి, ఆమె మాటల్లోనే రాయండి. ఆమె ప్రభువు సన్నిధికి వెళ్ళిన తరువాత ఆ సాక్ష్యము ఎవరి ఫోనులోనూ దొరకదు.