జాబ్ లెటర్ లేదా..? అయినా అద్దె ఇల్లు దొరుకుతుంది.. ఓనర్‌కు ఏం చూపించాలంటే..

టు-లెట్ బోర్డు కనిపిస్తుంది. ఫోన్ చేస్తే ఓనర్ బాగానే మాట్లాడతారు. "ఎంతమంది ఉంటారు? మీదే ఊరు?" అని అడుగుతారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు.. "ఏ కంపెనీలో చేస్తారు? ఐడీ కార్డు, ఆఫీస్ లెటర్ ఉన్నాయా?" ఫుడ్ డెలివరీ చేసేవాళ్లు, క్యాబ్ నడిపేవాళ్లు, ఫ్రీలాన్సర్లు, టైలరింగ్ షాపు లేదా కర్రీ పాయింట్ పెట్టుకున్నవాళ్లు.. వీళ్లెవరి దగ్గరా ఆ లెటర్ ఉండదు. నెలనెలా సంపాదన ఉన్నా ఇల్లు మాత్రం చేజారిపోతుంది. మరి ఏం చేయాలి? వివరాలు చూద్దాం.

ఓనర్ భయం ఏంటి?

ముందు ఒక విషయం అర్థం చేసుకోవాలి. కంపెనీ లెటర్ ఉన్నంత మాత్రాన అద్దెకు గ్యారెంటీ ఏమీ ఉండదు. ఉద్యోగి అద్దె కట్టకపోతే కంపెనీ కట్టదు కదా! ఓనర్‌కు నిజంగా కావాల్సింది రెండే. ఒకటి, నెలనెలా అద్దె వస్తుందన్న నమ్మకం. రెండు, తేడా వస్తే మిమ్మల్ని ఎలా పట్టుకోవాలో తెలియడం. ఇల్లు ఖాళీ చేయించడానికి కోర్టు చుట్టూ ఏళ్ల తరబడి తిరగాల్సి వస్తుందేమోనన్న భయం వాళ్లది. ఆ రెండింటికీ వేరే కాగితాలతో జవాబు చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

లెటర్ బదులు ఇవి చూపించండి

బ్యాంక్ స్టేట్‌మెంట్: చివరి ఆరు నెలలది తీసుకోండి. డెలివరీ యాప్ నుంచి వారం వారం పడే డబ్బులు, క్లయింట్ల పేమెంట్లు ఉన్న చోట మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఒక నెల తక్కువ, ఒక నెల ఎక్కువ ఉంటే ఆరు నెలల సగటు లెక్క వేసి చెప్పండి. స్టేట్‌మెంట్ చూపిస్తే చాలు, కాపీ వాట్సాప్‌లో పంపాల్సిన పని లేదు.

ఐటీ రిటర్న్: పన్ను కట్టేంత ఆదాయం లేకపోయినా రిటర్న్ వేసుకోవచ్చు. సొంత పని చేసుకునేవాళ్లకు ఆ అకనాలెడ్జ్‌మెంట్ చాలా చోట్ల ఆదాయానికి రుజువుగా పనికొస్తుంది.

ఉద్యమ్ సర్టిఫికెట్: చిన్న వ్యాపారం ఉంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్‌తో రిజిస్టర్ చేసుకోవచ్చు. దీనికి ఫీజు లేదు. ఎవరైనా డబ్బులు అడిగితే అది ఏజెంట్ చార్జీ అని గుర్తుంచుకోండి.

పాత ఓనర్ మాట: అన్నింటికన్నా బలమైనది ఇదే. ఇప్పటివరకు యూపీఐలో అద్దె కట్టిన హిస్టరీ, పాత ఓనర్ ఫోన్ నంబర్ ఇవ్వండి. "టైమ్‌కి కట్టారు, గొడవల్లేవు" అని ఆయన చెప్పే ఒక్క మాట ఏ కంపెనీ లెటర్‌కూ తీసిపోదు.

హామీదారు: బాబాయో, బావమరిదో ఉద్యోగంలో ఉంటే హామీదారుగా సంతకం పెట్టించవచ్చు. అయితే మీరు బాకీ పడితే ఆ డబ్బు ఆయన్ని అడగొచ్చు. ఈ సంగతి ఆయనకు ముందే చెప్పండి.

ఆధార్ ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

అడ్వాన్స్ ఎంత?

హైదరాబాద్‌లో ఎక్కువగా రెండు నెలల అద్దె అడుగుతారు. ఉదాహరణకు అద్దె 12 వేలు అనుకుందాం. అడ్వాన్స్ 24 వేలు, మొదటి నెల అద్దె 12 వేలు, బ్రోకర్‌కు ఒక నెల అద్దె ఇస్తే మరో 12 వేలు.. మొత్తం 48 వేలు చేతిలో ఉండాలి. లెటర్ లేదని ఓనర్ వెనకాడితే ఇంకో నెల అడ్వాన్స్ ఇస్తామని చెప్పడం ఒక దారి. కానీ నాలుగైదు నెలలు అడిగితే ఆలోచించండి. 2021లో కేంద్రం ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం ప్రకారం నివాస ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల అద్దె దాటకూడదు. అది నమూనా చట్టం. రాష్ట్రం తన చట్టంలోకి తెచ్చుకుంటేనే అమలవుతుంది. అయినా బేరమాడేటప్పుడు ఈ మాట పనికొస్తుంది.

ఇచ్చిన ప్రతి రూపాయీ అగ్రిమెంట్‌లో రాయించండి. ఖాళీ చేశాక అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారు, మెయింటెనెన్స్ ఎవరిది, నోటీసు ఎన్నాళ్లు.. ఈ నాలుగూ లేకపోతే చివర్లో గొడవ తప్పదు. నోటీసు గురించి ఏమీ రాసుకోకపోతే నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు చాలని ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. అంటే రెండు వారాల్లో సామాను సర్దుకోవాల్సి రావచ్చు. పిల్లల స్కూల్ మధ్యలో ఉంటే అది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

ఈ రెండు తప్పులూ చేయొద్దు

ఇల్లు దొరకడం లేదని కొందరు ఫేక్ ఆఫర్ లెటర్లు, ఫేక్ పే స్లిప్పులు కొంటున్నారు. ఓనర్ కంపెనీకి ఒక్క ఫోన్ చేస్తే బయటపడిపోతుంది. అప్పుడు ఇల్లు పోవడమే కాదు, ఫోర్జరీ, చీటింగ్ కేసులు కూడా పడొచ్చు.

రెండోది, తొందరలో టోకెన్ కట్టేయడం. నాలుగు ఇళ్లు కాదన్నాక ఐదో ఓనర్ ఆన్‌లైన్‌లో వెంటనే ఓకే అంటే ప్రాణం లేచొస్తుంది. మోసగాళ్లకు కావాల్సింది అదే. ఇల్లు కళ్లారా చూడకుండా, ఓనర్‌ను కలవకుండా పైసా పంపొద్దు. కరెంట్ బిల్లు, ఇంటి పన్ను రసీదుపై ఉన్న పేరు, ఓనర్ చెప్పిన పేరు ఒకటేనా కాదా చూడండి. వేరే పేరుంటే ఎందుకో అడగండి.

ఇవాళ్టి అద్దే రేపటి లెటర్

ఇల్లు దొరికాక అద్దె చేతికి ఇవ్వకుండా బ్యాంక్ లేదా యూపీఐ ద్వారానే, ప్రతి నెలా ఒకే తేదీన పంపండి. ఓనర్ క్యాష్ కావాలంటే రసీదు తీసుకోండి. ఖాళీ చేసేటప్పుడు "ఇన్నాళ్లు ఉన్నారు, బాకీ లేదు" అని రెండు లైన్లు రాయించుకోండి. రేపు ఇంకో ఇంటి గేటు ముందు "ఎక్కడ చేస్తారు?" అన్న ప్రశ్న వచ్చినప్పుడు మీ చేతిలో ఉండే లెటర్ అదే.