చెదిరిపోయినంత మాత్రాన లేనట్టేనా?

అతిశీతల వాయువులో కాంతి పుట్టించే, ఒక కణంలా నడిచే సామూహిక కదలికను, అంటే క్వాసిపార్టికల్‌ను లెక్కల సౌలభ్యం కోసం అల్లుకున్న కల్పనగా కొట్టిపారేసేవారున్నారు. కానీ అది చెదిరిపోయే తీరులోనే దాని ఉనికికి గట్టి సాక్ష్యం ఉంది. 1924లో ఢాకాలో సత్యేంద్రనాథ్ బోస్ ఫోటాన్‌లకు వేసిన లెక్కను ఐన్‌స్టీన్ పరమాణువులకు విస్తరించి, బాగా చల్లబరిస్తే అవి ఒకే స్థితిలోకి చేరతాయని జోస్యం చెప్పాడు. ఆ జోస్యం 1995లో అమెరికాలోని బౌల్డర్‌లో ఫలించింది. ఎరిక్ కార్నెల్, కార్ల్ వీమన్ అక్కడ రుబీడియం వాయువును పరమశూన్యానికి అతి చేరువగా, డిగ్రీలో కోటోవంతుకు రెండింతలైనా లేనంతగా చల్లబరిచారు. ఆ స్థితిలో వేల పరమాణువులు ఒకే క్వాంటం తరంగంగా నడుస్తాయి. అదే బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేట్.

దానిలోకి పౌనఃపున్యంలో రవ్వంత తేడా ఉన్న రెండు లేజర్ కిరణాలను ఓ కోణంలో పంపితే, పరమాణువు ఒక కిరణం నుంచి ఫోటాన్‌ను తీసుకుని రెండోదానిలోకి వదులుతుంది. పౌనఃపున్యంలోని తేడాకు తగ్గ శక్తి, కిరణాల మధ్య కోణానికి తగ్గ ద్రవ్యవేగం వాయువుకు దక్కుతాయి. ఊపు గట్టిదైతే దాదాపు ఒక్క పరమాణువే దూసుకుపోతుంది. మెల్లనిదైతే, కిక్కిరిసిన దర్శనం క్యూలో ఒకరిని నెడితే వరుసంతా కదిలినట్టు, పరమాణువులు దాన్ని పంచుకుంటాయి. అది శబ్దతరంగంగా సాగుతుంది. దాని కనీస మోతాదు ఫోనాన్, అదీ ఒక క్వాసిపార్టికలే. ఈ రెండు కొసలనూ కలిపే సూత్రాన్ని సిద్ధాంతవేత్త బొగొలియుబొవ్ 1947లోనే ఇచ్చాడు. 1999లో ఎంఐటీలో కెటర్లీ బృందం కాంతితో ఫోనాన్‌లను పుట్టించింది. 2002లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో ద్రవ్యవేగాన్ని బట్టి శక్తి మారే తీరును కొలిస్తే, అది బొగొలియుబొవ్ సూత్రంతో సరిపోయింది.

అసలు విషయం ఆ తర్వాతి కొలతలో ఉంది. క్వాసిపార్టికల్ సాగుతూ కండెన్సేట్‌లోని పరమాణువులను ఢీకొని, తక్కువ శక్తి గల రెండుగా చీలిపోతుందని 1958లో సిద్ధాంతవేత్త బెలియాయెవ్ చెప్పాడు. ద్రవ్యవేగం తక్కువున్నవాటికి ఈ చీలిక బాగా అరుదు. ఫోనాన్ ద్రవ్యవేగం సగమైతే చీలిక రేటు 32వ వంతుకు పడిపోతుంది. వైజ్‌మన్ బృందం 2002లోనే ఈ తగ్గుదలను చూసింది. కదిలేది మామూలు ఒంటరి పరమాణువే అయితే ఇలా తగ్గడానికి కారణమే లేదు. పరమాణువులన్నీ ఊపును పంచుకోవడం వల్లే చీలికకు ఉన్న కొన్ని దారులు మూసుకుపోయాయి.

క్షణంలో పోయేదాన్ని కణమని ఎలా అంటామని అడగవచ్చు. మ్యూయాన్ సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లే, అయినా దాన్నెవరూ కల్పన అనరు. మ్యూయాన్‌కు మాధ్యమం అక్కర్లేదు కదా, ఫోనాన్‌కు కావాలి కదా అన్న అభ్యంతరం ఇంకా బలమైనది. అది నిజమే. కానీ ఆధారపడి బతకడమంటే లేకపోవడం కాదు. దాని శక్తి, ద్రవ్యవేగం, చెదిరే తీరు మూడూ కొలతకు అందాయి. ఈ భావన పట్టు సడలేది మరోచోట. అయస్కాంత క్షేత్రంతో పరమాణువుల మధ్య చర్యను బాగా పెంచితే క్వాసిపార్టికల్ ఆయుష్షు కుంచించుకుపోయి, దాని శక్తి ఒక్క విలువ దగ్గర నిలవక పరచుకుంటుంది. అక్కడ బొగొలియుబొవ్ సూత్రం ఒక్కటే చాలదు.