కాపలాకుక్కకు పెట్టదగిన తాయిలము

మన ప్రాంతమున కుక్క లేని చెరువుగట్టు అరుదు. కొల్లేటి చుట్టునుగల చేపల చెరువులపై రాత్రివేళ కావలియుండువాడు ఒక కఱ్ఱను, ఒక దీపమును, ఒక కుక్కను నమ్ముకొని యుండును. తాడేపల్లిగూడెము వైపున కోళ్ళపాకలకడను, ఏలూరు మెట్టలో కొబ్బరి, పామాయిలు, కోకో తోటలకడను ఇదియే వరుస. ఈ కావలికి జీతము లేదు. రెండుపూటల కొంత అన్నము, నడుమనడుమ యజమాని ముద్దుగా పెట్టు ఒక ముక్క, ఇంతియే దాని రాబడి. పిల్లలకు మనము పెట్టు తాయిలము వంటిదే కావున, ఆ ముక్కను ఈ వ్యాసమున తాయిలమనియే పిలిచెదము.

ఇంత చిన్న విషయమునకు వ్యాసమేల యని సభ్యులు కొందఱు నవ్వవచ్చును. కాని మన యిండ్లలో తాయిలము ఏర్పడు తీరును గమనించినచో నవ్వు నిలువదు. మనకు పనికిరానిది, పులిసినది, చచ్చినది, కోసి తీసివేసినది, అదియే కుక్క పాలబడుచున్నది. విసరువాని మనస్సులో దయయే కలదు. అయినను ఆ దయవలన కుక్క చెడుటయే గాక, ఒక్కొక్కప్పుడు ఇంటిలోని బిడ్డకును ముప్పు వాటిల్లును. పారవేయదగినది వేఱు, పెట్టదగినది వేఱు. ఈ భేదమును తెలుపుటయే మా యుద్దేశము.

పెట్టకూడనివి

మొదట ఉల్లిని గూర్చి చెప్పెదము. కర్నూలునుండియు మహారాష్ట్రమునుండియు వచ్చు ఉల్లికి తాడేపల్లిగూడెపు విపణి పేరుపడినది. కావున మన వంటలలో ఉల్లికి కొదువ లేదు. ఉల్లియందలి కొన్ని గంధకపు పదార్థములు కుక్క నెత్తుటిలోని ఎఱ్ఱకణములను పగులగొట్టును. కుక్క శరీరపు బరువులో నూటికి అరపాలు ఉల్లి లోనికి పోయినచో కీడు కలుగును. అనగా 15 కిలోగ్రాముల కుక్కకు 75 గ్రాములు, ఒక మధ్యరకపు గడ్డ, చాలును. పచ్చిదైనను, వండినదైనను, ఎండినదైనను గుణమొకటే. కావుననే పులుసు, ఇగురు కలిపిన అన్నము కుక్కకు తగదు. లక్షణములు ఆనాడే కనబడవు. కొన్ని దినములకు చిగుళ్ళు పాలిపోయి, మూత్రము ఎఱ్ఱబారి, కుక్క నీరసించును. అప్పటికి తిన్న సంగతి మనకు జ్ఞప్తి యుండదు. వెల్లుల్లియు ఈ కోవలోనిదే.

రెండవది కోకో. పెదవేగి, ద్వారకాతిరుమల, కామవరపుకోట ప్రాంతముల తోటలలో కాయలు పగులగొట్టి, తెల్లని గుజ్జుతోకూడ గింజలను పులియబెట్టి, పిమ్మట ఎండబోయుదురు. ఆ తీపివాసనకు కుక్క చేరును. చేరినదిగదా యని పనివారు ఒక గుప్పెడు పెట్టుదురు. చాక్‌లెట్టులో కుక్కకు విషమైన థియోబ్రోమిన్ అను పదార్థము ఈ గింజలయందే యున్నది. మనుష్యుని శరీరము దానిని త్వరగా విఱిచి వెడలగొట్టును. కుక్క శరీరమునకు ఆ పని మిక్కిలి మెల్లగా జరుగును. కిలో బరువునకు 20 మిల్లీగ్రాములు చేరినచో వాంతియు, అలజడియు మొదలగును. 60 దాటినచో మూర్ఛలు రావచ్చును. ఎండిన గింజ గ్రాములో ఇంచుమించు 10 మిల్లీగ్రాములో, అంతకు మించియో థియోబ్రోమిన్ ఉండును గనుక, 15 కిలోల కుక్కకు ముప్పది గింజలే కీడునకు నాంది. గింజపై పొట్టును చెట్ల మొదళ్ళలో పఱచువారు కుక్కను అచ్చటికి పోనీయరాదు.

మూడవది చేప. చేప చెడ్డది కాదు, పచ్చిచేప చెడ్డది. కొన్ని జాతుల పచ్చిచేపలలో బి1 విటమినును నశింపజేయు గుణము గలదు. అలవాటుగా తినిన కుక్కకు నరముల బలము తగ్గును. ఉడికించినచో ఆ గుణము పోవును. జెల్లముల్లు గొంతులో దిగబడుట వేఱొక అపాయము. ఉప్పుచేపను ఊరక విసరుటయు మంచిది కాదు. ఉప్పు మితిమీఱినచో దాహము, వాంతి, వణుకు కలుగును.

నాలుగవది చచ్చిన కోడి. 2025 ఫిబ్రవరి మాసమున తణుకు మండలములోని వేల్పూరునందును, పెరవలి మండలములోని కానూరునందును, పిమ్మట ఉంగుటూరు మండలములోని బాదంపూడియందును కోళ్ళకు బర్డ్‌ఫ్లూ సోకిన సంగతి పాఠకులు మఱచియుండరు. ఈ జాడ్యము పక్షులతో ఆగునది కాదు. 2004లో థాయిలాండు దేశమున జబ్బుతో చచ్చిన బాతులను తిని ఒక కుక్క ఆ వ్యాధితోనే మరణించినట్లు పరీక్షలవలన తేలినది. అదియును గాక, చచ్చిన కోడిని నోటకఱచుకొని తిరుగు కుక్క ఒక పాకనుండి మఱియొక పాకకు రోగమును మోయగలదు. కావున చచ్చిన కోడి ఏ కారణమున చచ్చినదైనను దానిని కుక్కకు వేయక, కాలువలో పారవేయక, సున్నము చల్లి లోతుగా పూడ్చవలెను. బాగుగా ఉడికిన మాంసమునకును, గ్రుడ్డునకును ఈ భయము లేదు.

అయిదవది మాంసపు అంగడి మిగులు. అన్నింటికంటె దీనిని శ్రద్ధగా చదువుడని కోరుచున్నాము. గొఱ్ఱెను, మేకను కోసినప్పుడు కార్జముపైనను, ఊపిరితిత్తులపైనను నీరు నిండిన తిత్తులు ఒక్కొక్కప్పుడు కనబడును. మనకు పనికిరాదని ఆ ముక్కను కోసి కుక్కకు వేయుదురు. ఆ తిత్తిలో నున్నవి ఎకినోకాకస్ అను బద్దెపురుగు పిల్లలు. అవి కుక్క ప్రేగులలో చేరి, బియ్యపుగింజ పొడవైన లేని పురుగులై గ్రుడ్లు పెట్టును. కుక్కకు పైకి ఏ బాధయు కనబడదు. గ్రుడ్లు మలముతో వెడలి గడ్డిని చేరి మరల గొఱ్ఱెలను పట్టును. కుక్క బొచ్చునంటి దానితో ఆడుకొను పిల్లల చేతులద్వారా నోటికిని పోవును. అటుల లోనికిపోయిన గ్రుడ్డు మనుష్యుని కార్జములోనో, ఊపిరితిత్తిలోనో తిత్తిగా మాఱి, ఏండ్ల తరబడి చప్పుడు లేక పెరుగును. బయటపడునప్పటికి పెక్కుసార్లు శస్త్రచికిత్సయే శరణ్యము. నేడు మనము విసరిన ముక్కకు మూల్యము పదియేండ్లకు మన బిడ్డ చెల్లించుట యనగా నిదియే.

ఇది తప్పింపరాని విధి కాదు. ఐస్లాండు దీవిలో ఈ రోగము ఒకప్పుడు విస్తారముగా నుండెను. 1863లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడగు హారల్డ్ క్రాబ్బె అచ్చటికేగి కుక్కలను పరీక్షించి, ఆ మఱుసటి యేడు ఒక చిన్న పుస్తకము వ్రాయగా, దానిని ఇంటింటికి పంచిరి. తిత్తులను కుక్కలకు అందనీయకుండుటయు, కుక్కలకు పురుగులమందు ఇచ్చుటయు ఆచారములై, కాలక్రమమున ఆ దేశమునుండి వ్యాధి తొలగిపోయినది. అక్షరము చదివిన రైతు చేసిన పని యిది.

వీనికి తోడు ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండములను చెఱచును. పాయసములోని కిస్‌మిస్‌ను మఱవరాదు. చక్కెరలేని తీపియని అమ్ము కొన్ని మిఠాయిలలోను, చూయింగ్‌గమ్ములోను ఉండు జైలిటాల్ కుక్కకు ఘోరవిషము. ఉడికిన కోడియెముక పెళుసై, చీలి, ప్రేగులను గ్రుచ్చును. మామిడిటెంక ప్రేగులకు అడ్డుపడును.

పెట్టదగినవి

ఇన్ని వలదన్న పిమ్మట పెట్టదగినది ఏమి మిగిలినదని అడుగుదురేమో. మన యింటనే కావలసినన్ని యున్నవి. ఉడికిన కోడిగ్రుడ్డు అన్నిట మేలైనది. ఎముక తీసి, ఉప్పుకారము లేక ఉడికించిన కోడిమాంసము; ముల్లు ఏరి ఉడికించిన శీలావతి, బొచ్చె ముక్కలు; ఉడికిన చిలగడదుంప, గుమ్మడి; పచ్చి క్యారట్టు, దోసకాయ; అరటిపండు చక్రములు; గింజ తీసిన జామముక్క; ఉప్పు కలపని మరమరాలు. ఇవన్నియు తగినవే. మరమరాలు తేలికయు, చవకయు గనుక నేర్పు కాలమున పలుమాఱులు పెట్టుటకు అనుకూలము.

టీకొట్టుకడ కుక్కకు బిస్కత్తు వేయుట నేటి మర్యాద. మామూలు బిస్కత్తు విషము కాదు. కాని అది మైదాయు, చక్కెరయు మాత్రమే. ఆకలిని చంపి ఒళ్ళు పెంచునేగాని బలమీయదు. కుక్కలకని అమ్ము పొట్లములు కొనువారు తయారైన తేదీని, అందున్న పదార్థముల పట్టికను చదివి కొనవలెను. ఒక పొట్లపు ధరకు ఎన్ని కోడిగ్రుడ్లు వచ్చునో లెక్కించుకొనుటయు మేలు.

మితము

తాయిలము భోజనము కాదు. దినమునకు కుక్క తిను ఆహారపు బలములో పదవవంతునకు తాయిలము మించరాదని పశువైద్యుల మతము. తిరుగాడు 15 కిలోల కుక్కకు దినమునకు 800 కెలోరీలకు పైబడి కావలెను. అందు పదవవంతు 80. ఒక కోడిగ్రుడ్డు 70 కెలోరీలు. అనగా ఒక గ్రుడ్డుతో ఆనాటి తాయిలపు వంతు తీరినట్లే. ఆ గ్రుడ్డును ఒక్కమాఱుగా పెట్టక పండ్రెండు ముక్కలు చేసినచో పండ్రెండు మెప్పులగును. ముక్క పరిమాణమును కుక్క లెక్కింపదు, ఎన్నిమాఱులు పెట్టితిమో లెక్కించును.

పెట్టు తీరు

ఏది పెట్టవలెనో తెలిసిన పిమ్మట ఎట్లు పెట్టవలెనో తెలియవలెను. తాయిలమును నేలపై విసరరాదు. అఱచేతనో, దాని పళ్ళెములోనో పెట్టవలెను. నేలపై పడినదెల్ల తనదే యని నేర్చిన కుక్క దొంగ విసరిన విషపుముక్కను కూడ తినును. దొంగయే అక్కఱలేదు. ఎలుకలకని మన పొలములలో నూటికి 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు బ్రోమోడయోలోన్ మందు కలిపి ఎర పెట్టుచున్నాము. నూనెవాసన గల నూకలు కుక్కకును రుచియే. ఆ మందు నెత్తురు గడ్డకట్టకుండ చేయును. దాని ఫలితము కొన్ని దినములకుగాని బయటపడదు. తిన్నదని అనుమానము కలిగిన యెడల వెంటనే పశువైద్యశాలకు కొనిపోయినచో కె1 విటమినుతో కాపాడవచ్చును. అయినను, చేతినుండి తప్ప తినని యలవాటు అన్నిటికంటె మంచి మందు.

పిలిచిన వెంటనే వచ్చినప్పుడు, ఊరుకొమ్మన్నప్పుడు ఊరుకొన్నప్పుడు, ఆ క్షణముననే తాయిలము పెట్టవలెను. ఆలస్యమైన జీతము దేనికిచ్చితిమో కుక్కకు తెలియదు.

ఈ యలవాటు అక్కఱకు వచ్చు దినము టీకాలదినము. 1885 జూలై 6వ తేదీన పారిసు నగరమున లూయీ పాశ్చరు, పిచ్చికుక్క కఱచిన జోసెఫ్ మైస్టర్ అను బాలునకు టీకా వేయించి బ్రతికించెను. దాని జ్ఞాపకముగా ఏటేట ఆ తేదీన మన పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా రేబిస్ టీకాలు వేయుచున్నారు. లక్షణములు పొడసూపిన పిమ్మట ఈ వ్యాధినుండి బ్రతికి బయటపడుట దాదాపు లేదు. ఊరి కుక్కలలో నూటికి 70 కి టీకా పడినచో అది ఊరిలో వ్యాపింపదు. అయినను పెక్కుమంది రైతులు తమ కుక్కను తీసికొనిరారు. కారణమడిగిన ‘పట్టుబడదండీ’ అందురు. పట్టుబడకుండుట కుక్క తప్పు కాదు. ఒక నెల ముందునుండి దినదినము మెడ తాకి, త్రాడు వేసి, చెవి పట్టి, ప్రతిమాఱును ఒక మరమరపు గుప్పెడో, గ్రుడ్డుముక్కయో పెట్టినచో, టీకానాడు అది నిలిచి యుండును. బద్దెపురుగుల మాత్రను వైద్యుడు వ్రాసియిచ్చినప్పుడు దానిని చిలగడదుంప ముద్దలో దాచి పెట్టినచో మాఱుపలుకక మ్రింగును. అంగడి మిగులుతో లోనికిపోయిన పురుగును మంచి తాయిలముతోనే వెడలగొట్టవచ్చునన్నమాట.

సంఘ సభ్యులకు మా మనవి యిది. నేటిరాత్రి కుక్కకు ఏదైన వేయబోవునప్పుడు ఒక్క నిమిషము చేయి ఆపి, ఇది పెట్టుచున్నామా, పారవేయుచున్నామా యని యోచింపుడు. పారవేయునదైన గోతిలో పూడ్చుడు. పెట్టునదైన పిలిచి చేతితో పెట్టుడు. జీతమడుగక మన చేపను, మన కోడిని, మన తోటను కాచు ప్రాణికి ఈమాత్రపు న్యాయము చేయుట మనకు భారము కాదు. మన యింటి బిడ్డలకు మేలును.